జెండా పుట్టుపూర్వోత్తరాలు ఎవరి చేతిలో?

బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్లు చేసిన 1916 ఈస్టర్ తిరుగుబాటు అణిగాక డబ్లిన్‌లోని పార్నెల్ స్మారకం దగ్గర బ్రిటిష్ అధికారులు ఒక ఫొటో దిగారు. చేతుల్లో ఆకుపచ్చ జెండా, దాని మీద ‘ఐరిష్ రిపబ్లిక్’ అన్న అక్షరాలు తలకిందులుగా. ఓడినవాడి జెండాను తిప్పి పట్టుకోవడం గెలిచినవాడి ముచ్చట. ఇవాళ ఆ ముచ్చటే మనకు అక్కరకొచ్చింది. తిరుగుబాటుదారులు స్థావరం చేసుకున్న జనరల్ పోస్టాఫీసు మీద ఎగిరిన జెండా ఇదేనని చెప్పడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. అక్కణ్నుంచి దారి సాఫీగానే ఉంది: బ్రిటన్ రాజు ఐదో జార్జికి బహుమతి, లండన్ యుద్ధ మ్యూజియం, 1966లో తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఐర్లండ్‌కు వాపసు.

ఆ ఫొటోకు ముందు సంగతేమిటి? చిక్కంతా అక్కడే.

రాత్‌మైన్స్‌లో ఐరిష్ విప్లవ నాయకురాలు కౌంటెస్ మార్కివిచ్ ఉండే సర్రే హౌస్‌లోనే ఆ జెండా తయారైందంటారు. ఆ ఇల్లు ఫియన్నా అనే జాతీయవాద బాలుర సంస్థ కుర్రాళ్ల అడ్డా. బల్మర్ హాబ్సన్‌తో కలిసి ఆమె 1909లో ఆ సంస్థను పెట్టింది. బ్రిటిష్ స్కౌట్లకు పోటీగా పిల్లలకు కవాతు, తుపాకీ నేర్పేవాళ్లు. 1914లో హౌత్ రేవులో ఐరిష్ జాతీయవాదులు తుపాకులు దించినప్పుడు ఆ కుర్రాళ్లు బండితో సహా హాజరయ్యారు. ఆ సంస్థలో పెరిగిన కాన్ కోల్బర్ట్, షాన్ హ్యూస్టన్‌లను తిరుగుబాటులో పాల్గొన్నందుకు బ్రిటిష్ వాళ్లు 1916 మే 8న కాల్చి చంపారు.

జెండా మీద అక్షరాలు రాసింది థియో ఫిట్జెరాల్డ్ అనే ఫియన్నా సభ్యుడని ఒక కథనం. కౌంటెసే రాసిందని ఇంకొకటి. బంగారు రంగు ఎండిపోతే ఆవపిండి కలిపారంటారు. బట్ట మంచం దుప్పటని కొందరు, డబ్లిన్ మిల్లులో నేసిన పాప్లిన్ అని మరికొందరు. రాజు దగ్గర, మ్యూజియంలో ఉన్నది కాగితం, అంటే రాతలో ఉన్న ఆధారం. కుర్రాళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకం. కాగితం ఉన్నవాడి మాటే చెల్లుతుంది కదా అని ఊరుకుంటే, ఆ జెండా చరిత్ర దాన్ని పట్టుకున్నవాడితోనే మొదలవుతుంది. అది నాకు సమ్మతం కాదు. దుప్పటో పాప్లినో దారాన్ని పరీక్షిస్తే తేలుతుంది, ఆవపిండి సంగతీ ల్యాబ్ చెప్పొచ్చు. రాసిన చేయి ఎవరిదన్నది మాత్రం చూసినవాళ్ల మాటల్ని పక్కపక్కన పెట్టి తూచుకోవాల్సిందే.

ఆ జెండా ఇప్పుడు డబ్లిన్‌లో కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియంలో ఉంది. ఒకప్పుడు అది బ్రిటిష్ సైన్యం బ్యారక్సే.