పరగడుపు షుగర్‌కు అమ్మను నిందించకండి

వరంగల్, హనుమకొండ వదిలి వచ్చిన మన ఇళ్లలో ఆదివారం ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర వేడెక్కుతాయి: "రాత్రి ఏం తిన్నావమ్మా, పరగడుపున షుగర్ ఇంత ఉంది?" ఒక్క జొన్నరొట్టెతో సరిపెట్టానని ఆమె అంటుంది. మనం నమ్మం. నమ్మాలి అంటాను. ఉదయపు చక్కెరలో రాత్రి భోజనం కన్నా కాలేయం పాత్రే పెద్దది.

మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకు గ్లూకోజు అందించేది ప్రధానంగా కాలేయమే. ఎంత వదలాలో చెప్పేది ఇన్సులిన్. ఆ మాట కాలేయం చెవికెక్కకపోతే, పస్తున్నా గ్లూకోజు పారుతూనే ఉంటుంది.

ఎందుకు ఎక్కదు? ఒక కారణం ప్రోటీన్ల తయారీలో ఉంది. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడికీ దీనికీ సంబంధం లేదు. ఆల్బుమిన్ మొదలు రక్తం గడ్డకట్టించే పదార్థాల దాకా కాలేయ కణాలు రాత్రింబవళ్లు ప్రోటీన్లు తయారుచేస్తాయి. అవి సరైన ఆకారంలోకి మడతపడే చోటు, కణం లోపలి ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే భాగం. కొవ్వు పట్టిన కాలేయంలో అక్కడ పని పేరుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. మిర్చి బస్తాలతో నిండిన ఎనుమాముల మార్కెట్ కొత్త లారీలను గేటు బయటే ఆపినట్టు, పెర్క్ అనే ఎంజైము, ప్రోటీన్ల తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2-ఆల్ఫాకు ఫాస్ఫేటు తగిలించి కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది. కొంతసేపయితే అది రక్షణే. ఒత్తిడి తీరకపోతేనే చిక్కు. 2004లో హార్వర్డ్‌లో గోఖాన్ హోటమిస్లిగిల్ బృందం దీన్ని స్థూలకాయ ఎలుకల్లో చూపింది: ఈ ఒత్తిడి జేఎన్‌కే అనే మరో ఎంజైమును రేపి, ఇన్సులిన్ సందేశాన్ని కణం లోపలికి మోసే ఐఆర్ఎస్-1ను అడ్డగిస్తుంది. 2008లో మరో బృందం ఎలుకల కాలేయంలో ఈఐఎఫ్2-ఆల్ఫా మీది ఫాస్ఫేటును తొలగించే ప్రక్రియను పెంచింది. వాటి శరీరం గ్లూకోజును మెరుగ్గా సర్దుకుంది, కాలేయంలో కొవ్వూ తగ్గింది. ఇవి ఎలుకల ఫలితాలు, మన చేతికి మందు కాదు. కానీ కాలేయం లోపల నడిచే ఈ వ్యవహారం తెలిసిన తరువాత కూడా తల్లిదండ్రుల నోటినే శంకించడం అన్యాయం.

నన్ను నిజంగా బాధించేది స్కాన్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని కనిపిస్తే "అందరికీ ఉండేదే" అని పక్కన పెట్టేయడం. ఇన్సులిన్ మాట వినని ఆ కాలేయమే మధుమేహానికి దారి తీయవచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. అందరికీ ఉన్నంత మాత్రాన ఫ్యాటీ లివర్ చిన్న విషయం కాదు. పైగా మనవాళ్లు సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఉండొచ్చు. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం ఆసియా మూలాలవారికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు సూచీ) 23 నుంచే షుగర్ పరీక్ష చేయమంటోంది. బరువులో 5 శాతం తగ్గినా కాలేయపు కొవ్వు తగ్గుతుంది.

మన సంఘం ఊళ్లలో పెట్టే వైద్య శిబిరాల్లో వేలికొన షుగర్ చూసి పంపేయడం ఇక చాలదు. నడుము కొలవాలి. రక్తంలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు చూడాలి. వాటికి వయసు కలిపితే ఫిబ్-4 స్కోరు వస్తుంది, కాలేయం గట్టిపడే ప్రమాదం ఎవరికి ఎక్కువో అది చెబుతుంది. ఈ ఏడాది శిబిరాల బడ్జెట్‌లో ముందుగా దీనికే డబ్బు కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.