ఇనిషియలైజ్ నొక్కమనే ఆ మెసేజ్‌ని ఇక ఎవరికీ పంపకండి

"మదర్‌బోర్డు పోయిందా? టెన్షన్ వద్దు! రెయిడ్‌లో ఒక్క ఫైలు కూడా పోకుండా ఏడు చిట్కాలు" అంటూ ఒక మెసేజ్ కొన్నాళ్లుగా ఫోటోగ్రాఫర్ల గ్రూపులన్నీ చుట్టి వస్తోంది. ఒకరికి వద్దని చెప్పేలోపే ఇంకొకరు పంపుతున్నారు. పంపేవాళ్లలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లే ఎక్కువ. వాళ్ల డ్రైవుల్లో ఉన్నది ఇంకొకరి ఇంటి పెళ్లి, అది మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. అందుకే విసుగొచ్చినా కూర్చుని ఒక్కో చిట్కాకీ జవాబు రాస్తున్నాను. రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డ్రైవులా వాడుకునే పద్ధతి, అలా కలిపినదాన్నే వాల్యూమ్ అంటారు. మెసేజ్‌లో పేరు చెప్పలేదు గానీ, అందులోని మెనూలన్నీ ఇంటెల్ బోర్డుల్లో వచ్చే ఆర్‌ఎస్‌టీ రెయిడ్‌వి. నేనూ దాని గురించే మాట్లాడతాను.

మొదటి చిట్కా: "కొత్త బోర్డు ఏదైనా సరే, బయోస్‌లో రెయిడ్ ఆన్ చేస్తే పాత వాల్యూమ్ దానంతటదే వస్తుంది."

ఏదైనా సరే అంటే కుదరదు. ఇంటెల్ బోర్డు నుంచి రెయిడ్ ఉన్న ఇంకో ఇంటెల్ బోర్డుకి మారితే సాధారణంగా వస్తుంది. వాల్యూమ్ వివరాలు డిస్కుల మీదే రాసి ఉంటాయి, పాత బోర్డుతో పాటు పోవు. కానీ షాపులో తక్కువ ధరకి చేతిలో పెట్టే హెచ్610 బోర్డులో అసలు రెయిడే లేదు. ఏఎమ్‌డీ బోర్డు తెచ్చుకుంటే దాని రెయిడ్ రాత వేరు, ఇంటెల్ రాసింది దానికి అర్థం కాదు. పైగా రెయిడ్‌లో రకాలున్నాయి: 0 డేటాని ముక్కలు చేసి డిస్కులకి పంచుతుంది, 1 రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉంచుతుంది, 10 ఆ రెండూ కలిపింది, 5 ముక్కలతో పాటు ఒక డిస్కు పోయినా తట్టుకునేలా పారిటీ అనే లెక్కని రాస్తుంది. ఏఎమ్‌డీవాళ్ల ఏఎమ్4 రకం బోర్డుల్లో 0, 1, 10 ఉంటాయి, రెయిడ్ 5 ఉండదు. డబ్బు కట్టేముందు చిప్‌సెట్ పేరు (హెచ్610 లాంటిది) అడగండి.

ఏఎమ్‌డీ బోర్డు ఇప్పటికే కొనేసినవాళ్లు కంగారు పడొద్దు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, లైనక్స్‌లోని ఎండీఆడమ్ అనే టూల్ ఇంటెల్ రాతని చదవగలదు. దాంతో రెయిడ్‌ని రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే) అసెంబుల్ చేసి, ఫైళ్లు వేరే డ్రైవ్‌కి కాపీ చేసుకోవచ్చు. ఏడు చిట్కాల్లో ఈ ముక్క ఒక్కచోటా లేదు.

రెండో చిట్కా: "సాటా కేబుళ్లు పాత పోర్టు నంబర్లలోనే పెట్టాలి, తారుమారైతే డేటా మొత్తం పోతుంది."

పోదు. ఏ డిస్కు ఎన్నోదో డిస్కుల సీరియల్ నంబర్లతో సహా ఆ రాతలోనే ఉంటుంది. అయినా మార్కర్‌తో డిస్కుల మీద అంకెలు వేసుకోండి, తర్వాత వేరే పనికి అక్కరకొస్తాయి.

మూడో చిట్కా దగ్గరే నా ఓపిక అయిపోయింది. "కొత్త బోర్డులో విండోస్ ఎక్కాక డిస్కుని ఇనిషియలైజ్ చేయమని అడుగుతుంది. భయపడకుండా ఓకే కొట్టండి, అది ఫార్మాట్ కాదు, ఏమీ చెరగదు."

ఇది కొరివితో తల గోక్కోమని సలహా ఇవ్వడం. అసలు విండోస్ ఆ ప్రశ్న ఎందుకు అడుగుతోందో చూడండి. కొత్త బోర్డు బయోస్ మామూలుగా ఏహెచ్‌సీఐ మోడ్‌లో, అంటే ప్రతి డిస్కునీ విడిగా చూసే మోడ్‌లో వస్తుంది. పాత బోర్డులోనైనా దాని మీది చిన్న బ్యాటరీ సెల్ తీసి పెడితే దాదాపు ఎప్పుడూ ఆ మోడ్‌కే తిరిగి వెళ్తుంది. అలా బూట్ చేస్తే విండోస్‌కి రెయిడ్ కనపడదు, విడివిడి డిస్కులు కనపడతాయి. వాటిలో కొన్నింటి మొదట్లో పార్టిషన్ టేబుల్ (డిస్కు ఎలా భాగాలైందో చెప్పే పట్టిక) ఉండదు కాబట్టి, ఇవి కొత్త డిస్కులని అనుకుంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే చిన్న పెట్టె వస్తుంది. అందులో డిస్క్ 1, డిస్క్ 2 పక్కన టిక్కులుంటాయి, కింద ఎంబీఆర్, జీపీటీ అని రెండు రకాల టేబుళ్ల ఎంపికలు, చాలాసార్లు జీపీటీ ముందే ఎంచి ఉంటుంది, ఆ కింద ఓకే. మనిషి చేయి దానంతటదే ఓకే మీదికి పోతుంది.

ఫార్మాట్ కాదన్న మాట నిజమే. కానీ జీపీటీ డిస్కు మొదట్లో మాత్రమే రాయదు. తన టేబుల్‌కి ఇంకో కాపీని డిస్కు చిట్టచివర పెట్టుకుంటుంది, అందుకు చివరి 33 సెక్టార్లు, అంటే అర కేబీ గడులు, వాడుకుంటుంది. ఇంటెల్ రెయిడ్ తన రాతని పెట్టుకునేది ఎక్కడ? సరిగ్గా అక్కడే. దాని ముఖ్యమైన భాగం చివరి నుంచి రెండో సెక్టార్‌లో ఉంటుంది. మీరు ఓకే కొట్టిన క్షణంలో ఏ డిస్కు ఎన్నోదో, స్ట్రైప్ (ఒక్కో డిస్కుకి పంచే ముక్క) ఎంతో, ఏ వాల్యూమ్‌దో చెప్పే రాత మీద జీపీటీ కాపీ పడుతుంది. మొత్తం కలిపి పదహారున్నర కేబీ. ఒక్క పెళ్లి ఫోటోలో పదోవంతు కూడా ఉండదు, కానీ అన్ని ఫోటోలకీ దారి అదే. ఆ తర్వాత బయోస్‌ని రెయిడ్ మోడ్‌కి మార్చినా ఆ డిస్కు "నాన్-రెయిడ్ డిస్క్" అని కనిపిస్తుంది. రెయిడ్ 0 అయితే వాల్యూమ్ పక్కన ఎర్రగా "ఫెయిల్డ్" అని వస్తుంది. రెయిడ్ 5లో ఒక్క డిస్కుకే ఇలా జరిగితే బయటపడొచ్చు, అడిగిన ప్రతి డిస్కుకీ ఓకే కొట్టుకుంటూ పోతే అదీ లేదు.

ఏమీ చెరగదని రాసినాయన ఒక్కసారైనా తన సొంత డేటా ఉన్న డిస్కు మీద ఇది చేసి చూశాడా? చేసి ఉంటే ఈ మెసేజ్ ఇన్ని గ్రూపులు తిరిగేది కాదు.

చేయాల్సింది ఇదీ. కొత్త బోర్డు బిగించాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు రెయిడ్ డిస్కుల కేబుళ్లు పీకి ఉంచండి. బయోస్ అప్‌డేట్ చేయాలంటే అప్పుడే చేసేయండి, ఎందుకంటే అప్‌డేట్ అయ్యాక కూడా సెట్టింగులు మొదటికి రావచ్చు. సాటా మోడ్‌ని రెయిడ్‌కి మార్చండి. 11వ జనరేషన్ నుంచి వచ్చిన చాలా బోర్డుల్లో ఇది వీఎమ్‌డీ అనే పేరు కింద దాక్కుని ఉంటుంది. సేవ్ చేసి, పవర్ ఆపి, అప్పుడు డిస్కులు కలపండి. విండోస్ లోపలికి వెళ్లకముందే బయోస్‌లోని ఆర్‌ఎస్‌టీ పేజీలో వాల్యూమ్ పేరు, పక్కన "నార్మల్" అనే మాట కనపడాలి. కనపడకపోతే ఆపేయండి. ఎవరేం చెప్పినా ఇనిషియలైజ్ జోలికి పోకండి.

నాలుగో చిట్కా: "వాల్యూమ్ కనపడకపోతే పాత సెట్టింగులతోనే మళ్లీ క్రియేట్ చేయండి, డేటా తిరిగొస్తుంది."

క్రియేట్ నొక్కితే, ఎంచుకున్న డిస్కుల్లోని డేటా అంతా పోతుందని ఇంటెల్ మెనూయే స్క్రీన్ మీద హెచ్చరిస్తుంది. చదవడానికి ఒక్క నిమిషం పట్టదు. అయినా ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఈ చిట్కా గాల్లోంచి పుట్టింది కాదు. రెయిడ్ 0 విషయంలో డిస్కుల వరస, స్ట్రైప్ సైజు రెండూ పాతవే ఇచ్చి మళ్లీ క్రియేట్ చేసి, వెంటనే టెస్ట్‌డిస్క్ అనే టూల్‌తో పార్టిషన్లు వెతికి డేటా మొత్తం వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. క్రియేట్ చేసినప్పుడు మొదట్లో ఉన్న పార్టిషన్ టేబుల్ పోతుంది గానీ, మధ్యలో ఉన్న ఫైళ్లని అది తాకదు. చేయి తిరిగినవాళ్లు చివరి అస్త్రంగా వాడే పద్ధతి ఇది.

కానీ దాన్ని స్టూడియోలో కుర్రాడికి ఫోన్‌లో చెప్పి చేయించేంత తేలికగా రాస్తే ఎలా? స్ట్రైప్ 64 కేబీనా, 128 కేబీనా మీకు గుర్తుందా? ఏ డిస్కు ముందుండేదో తెలుసా? మార్కర్ అంకెలు అక్కరకొచ్చేది ఇక్కడే. రెయిడ్ 5ని ఇలా క్రియేట్ చేస్తే తర్వాత పారిటీ లెక్కగట్టి డిస్కుల మీద రాయడం మొదలవుతుంది. వరస తప్పుంటే ఆ పారిటీ మీ ఫైళ్ల మీదే పడుతుంది. ఇక దాన్ని ఏ రికవరీ సెంటరూ వెనక్కి తేలేదు. చేసి తీరాలంటే ముందు ప్రతి డిస్కునీ డీడీరెస్క్యూ అనే టూల్‌తో సెక్టార్ సెక్టార్‌గా ఇంకో డిస్కుకి కాపీ చేసి, ఆ కాపీల మీదే ప్రయోగం చేయండి. మూడు డిస్కులుంటే ఇంకో మూడు కొనాలి. ఖర్చే, కాదనను. అంత పెట్టలేనివాళ్లు డిస్కులు తీసి పక్కన పెట్టేయండి. కరెంటు తగలని డిస్కు మీద ఎవరూ ఏమీ రాయలేరు.

ఐదో చిట్కా, రెయిడ్ 1లో ఒక డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్‌కి పెడితే మామూలుగానే చదువుతుందన్నది ఇంటెల్ వరకు సరైన మాట. అయితే ఒక్కటే పెట్టండి. ఏహెచ్‌సీఐలో రెండూ పెట్టి బూట్ చేస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసి రెండోదాని మీద రాయడం మొదలుపెడుతుంది. తర్వాత రెయిడ్ మోడ్‌కి వెళ్తే రెండు డిస్కులూ ఒకేలా ఉన్నాయని పాత రాత చెబుతూనే ఉంటుంది, నిజానికి ఒకేలా ఉండవు. కొంత దీన్నుంచీ కొంత దాన్నుంచీ చదివితే ఫోల్డర్లు చెడిపోవడం మొదలవుతుంది.

ఆరో చిట్కా: "రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదు." ఇది రాసినవాళ్లకి రెయిడ్ 0లో ఒక్క డిస్కు పోతే ఏమవుతుందో తెలియదు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలు రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుందనీ తెలియదు. ఇంతకన్నా దీనికి చోటివ్వను.

ఏడోది: "విండోస్ మార్చక్కర్లేదు, నేరుగా ఎక్కుతుంది." విండోస్ కూడా ఆ రెయిడ్ మీదే ఉంటే, మోడ్ మారినప్పుడు నీలి తెర వచ్చి "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. సాటా మోడ్ సరిచేస్తే మామూలుగా పోతుంది.

దానికన్నా పెద్ద గండం బిట్‌లాకర్, అంటే డ్రైవులోని డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు. ఏడు చిట్కాల్లో దాని పేరే లేదు. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో ఎవరూ అడక్కుండానే అది ఆన్ అవుతోంది. తాళం చెవిని దాచేది బోర్డుతో పాటు ఉండే టీపీఎమ్ అనే భద్రతా భాగం. బోర్డు మారితే అదీ మారినట్టే, అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పాత బోర్డు ఇంకా బతికే ఉంటే స్క్రూ విప్పకముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, కీని ప్రింట్ తీసుకోండి. డేటా డ్రైవ్‌కీ బిట్‌లాకర్ ఉంటే దాని కీ వేరు, అదీ తీసుకోండి. బోర్డు చనిపోయాక గుర్తొస్తే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైసుల పేజీలో వెతకండి. కంప్యూటర్ మొదట సెట్ చేసింది షాపువాళ్లయితే వాళ్ల మెయిల్ ఐడీలో ఉండొచ్చు, ఈరోజే ఫోన్ చేసి అడగండి. ఆ కీ ఎక్కడా దొరక్కపోతే రెయిడ్ "నార్మల్" అని చూపించినా లోపల ఉన్నది ఎవరూ తెరవలేరు, మైక్రోసాఫ్ట్ కూడా.