మూడో కాలు

మా ఆవిడ తమ్ముడు నన్ను సలహా అడిగాడు. ఈ వ్యాసానికి కారణం అదే, ఈ మధ్య నా బీపీ మాత్ర మారడానికి కారణమూ అదే.

“బావా, మొదటి డర్ట్ బైక్ ఏది కొనమంటావ్?” అన్నాడు, మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లో కూర్చుని పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ. అడిగాడు కదా అని చెప్పాను. సలహా అడిగేవాడు అప్పటికే అడ్వాన్సు కట్టేసి ఉంటాడన్న సంగతి ఈ వయసొచ్చినా నాకు ఒంటబట్టలేదు.

నేను చెప్పింది ఇంతే. మట్టిదారుల్లో తోలడానికి కొనే మొదటి బండి తేలిగ్గా ఉండాలి, ఎందుకంటే అది పడుతుంది. మట్టిలో నేర్చుకోవడమంటే సగం పడేయడం, సగం లేపడం. పదోసారి లేపే ఓపిక ఉన్నవాడికే పదకొండోసారి తొక్కే యోగం. కూర్చుంటే కనీసం మునివేళ్ల దగ్గరి పాదమైనా నేలకి ఆనాలి. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18 ఉంటే రాళ్లూ గోతులూ ఎక్కి దిగుతుంది. 19 హార్స్‌పవర్ చాలు, నీకైతే అదీ ఎక్కువే. హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ 200 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో చూడు, కానీ దాంట్లో ప్రో రకం జోలికి పోకు, దాని సీటు 891 మిల్లీమీటర్ల ఎత్తు. కవాసాకి కేఎల్ఎక్స్ 230 బరువు 139 కేజీలే, సీటు మాత్రం 880, నీ ఎత్తు అయిదడుగుల అయిదు, లెక్క నువ్వే చూసుకో. నంబర్ ప్లేటు లేని రేసు బండి కొంటే దాన్ని రోడ్డు మీద నడపనివ్వరు, ప్రతిసారీ టాటా ఏస్‌లో పెళ్లికూతుర్ని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాలి. మిగిలిన డబ్బుతో బూట్లు కొను.

అంతా విన్నాడు. పెరుగు వేసుకున్నాడు. “200 సీసీతో ఏమవుతుంది బావా? సి.ఎస్. సంతోష్ మన ఊరివాడే కదా, డాకార్ ర్యాలీకి వెళ్లాడు” అన్నాడు. మన ఊరు అంటే బెంగళూరు. వీడిది తెనాలి. ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది, కన్నడంలో “స్వల్ప అడ్జస్ట్ మాడి” దాటలేదు. సంతోష్ 2015లో డాకార్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు, 36వ స్థానంలో వచ్చాడు. ఆ డాకార్‌లోనే 2011 నుంచి బైకులకు 450 సీసీ మించకూడదని నిబంధన. ఎడారుల్లో, కొండల్లో వేల కిలోమీటర్లు తోలేవాళ్లకి 450 సరిపోతే, బెళ్లందూరు నుంచి సిల్క్ బోర్డుకి వెళ్లే మా బామ్మర్దికి ఆనలేదు.

బండి వచ్చింది. పేరు చెప్పను, కంపెనీ తప్పేమీ లేదు, బండి మంచిదే. ఏనుగు కూడా మంచిదే, మావటి ఉంటే. రెండొందల కేజీల పైమాట. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు. వాటిలో ఇప్పటివరకూ ప్రయాణించినవి పాల ప్యాకెట్లూ, కరివేపాకూ, ఒకసారి మా అత్తగారు పంపిన గోంగూర పచ్చడి జాడీ.

వాళ్ల అపార్ట్‌మెంట్ రెండో బేస్‌మెంట్‌లో ప్రతి ఉదయం తొమ్మిదింటికి జరిగే కార్యక్రమం చూసి తీరాలి. బండి ముక్కు గోడవైపు పెట్టి ఉంటుంది. వెనక్కి తీయాలంటే కాళ్లు ఆనాలి. ఆనవు. కాబట్టి వాచ్‌మన్ వస్తాడు. ముందు హ్యాండిల్ పట్టుకుంటాడు. మావాడు స్తంభానికి ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి వాచ్‌మన్ భుజం మీద వేసి, పల్లకీ ఎక్కిన జమీందారులా ఎక్కుతాడు. సైడ్ స్టాండ్ వాచ్‌మనే తీస్తాడు. వెనక్కి వాచ్‌మనే లాగుతాడు. హెల్మెట్ అద్దం కిందికి దించడం మాత్రం మావాడు స్వయంగా చేస్తాడు. వాచ్‌మన్‌కి మంగళవారం వీక్లీ ఆఫ్. మంగళవారం మావాడు క్యాబ్‌లో వెళ్తాడు.

దారిలో ఆగాలంటే కాలు పెట్టడానికి ఫుట్‌పాత్ అంచు కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఎక్కడెక్కడ మిగిలి ఉందో మా బామ్మర్దికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒకసారి అంచు దొరక్క, పక్కన ఆగిన బస్సు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పచ్చ లైటు వెలిగింది. బస్సు కదిలింది.

ఆ వారంలోనే అడిగాడు, “ఆదివారం ట్రైల్‌కి వెళ్తున్నాం బావా, వాచ్‌మన్‌ని వెనకాల కూర్చోబెట్టుకుంటే ఎలా ఉంటుంది?” వాచ్‌మన్‌కి ఆదివారం డబుల్ డ్యూటీ అట. అలా ఆ ఉద్యోగం నాకొచ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి పదకొండు బళ్లు బయల్దేరాయి. చిక్కబళ్లాపురం దాటాక ఇడ్లీ వడ. అక్కడ నలభై నిమిషాలు ఫొటోలు. మావాడి హెల్మెట్ మీద కెమెరా, ఛాతీ మీద ఇంకో కెమెరా. కాళ్లకి మాత్రం జాగింగ్ బూట్లు. బండి పక్కకి పడితే మొదట దొరికేది చీలమండ. దాన్ని కాపాడే బూట్లు ఆ రెండో కెమెరా ఖరీదు లోపే వచ్చేవి.

బాగేపల్లి వైపు హైవే దిగాం. ముందున్నవాడు ఫోన్లో మ్యాప్ చూసి చెయ్యి ఊపాడు, “ట్రైల్!”

ట్రైల్ అంటే ఏమిటో చెప్తాను. పొలం గట్టు. పగలు మనుషులూ, సాయంత్రం గేదెలూ నడిచే గట్టు. దానికి ఒక పక్క టమాటా, కర్రలు పాతి, తాళ్లు కట్టి, కాయ అప్పుడే రంగు తిరుగుతోంది. సాళ్ల వెంట నల్లటి డ్రిప్ పైపులు. పదకొండు బళ్లలో ఎన్ని వాటి మీదుగా పోయాయో నేను లెక్కపెట్టలేదు. ఆ ముళ్ల టైర్ల కింద పైపు టప్పుమని తెగి, నీళ్లు మోకాలెత్తు చిమ్మడం మాత్రం చూశాను. మావాడు బ్రేకు వేశాడు. కాలు పెట్టడానికి అక్కడ ఫుట్‌పాత్ లేదు. టమాటాల మీద పడ్డాం.

ఆ రైతు పరిగెత్తుకొచ్చాడు. “ఏం సామీ, కండ్లు కనపడ్లేదా? పైపు తెగిపాయ సూడు” అన్నాడు. తెలుగులో. బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి భాష తెలుగే. మా బామ్మర్ది, తెనాలిలో పుట్టి పెరిగినవాడు, హెల్మెట్ అద్దం కూడా ఎత్తకుండా, “సారీ భయ్యా, కన్నడ నహీ ఆతా” అన్నాడు.

ఇంతసేపూ నవ్వుతూనే రాశాను. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ ప్రాంతంలో నీళ్ల కోసం వెయ్యి అడుగుల పైనే బోరు వేస్తారు. ఒకటి ఎండితే అప్పు చేసి ఇంకోటి. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు, అర్ధరాత్రయినా లేచి మోటారు వేసి, చుక్క చుక్కా లెక్కపెట్టి మొక్కకి పంపుతారు. ఆ నీళ్లు మట్టిపాలవుతుంటే వీడియో తీసినవాళ్లున్నారు మా గుంపులో. సిగ్గులేదురా మీకు? మీ బేస్‌మెంట్‌లో పార్కింగ్ గీత మీద పక్కింటి కారు చక్రం పడితే సొసైటీ గ్రూపులో మూడు రోజులు యుద్ధం చేస్తారు. రోజుకింత అని ఫీజు కట్టి, వాళ్ల బండే పడేసి నేర్చుకునే డర్ట్ పార్కులు ఈ ఊరి చుట్టూ ఉన్నాయి. మీరు పేరు జపించే ఆ సంతోష్ పెట్టింది కోలారు వైపే ఉంది. అక్కడికి వెళ్లరు, ఎందుకంటే అక్కడ మొదటి రోజే చిన్న బండి ఇచ్చి, ముందు పెగ్స్ మీద, అంటే కాళ్లు పెట్టుకునే కడ్డీల మీద, నిలబడటం నేర్చుకోమంటారు.

బండి లేపింది కూడా ఆ రైతే. మేం నలుగురం లాగుతుంటే చూసి చూసి, పక్కకి జరగమని, బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, తొడల బలంతో లేచాడు. బండీ లేచింది. గట్టు చివర ఆయన టీవీఎస్ ఎక్సెల్ ఉంది, వెనక రెండు గడ్డిమోపులతో, స్టాండ్ మీద నిటారుగా. మావాడు ఫోన్ తీసి అయిదొందలు గూగుల్ పే చేస్తానన్నాడు. ఆయన ఆ ఫోన్ వైపు చూడనైనా లేదు. వంగి, తెగిన పైపు రెండు కొసలూ పట్టుకుని మడత పెడుతున్నాడు. నేను పక్కన కూర్చుని ఒక కొస పట్టుకున్నాను.

మావాడికి చీలమండ వాచింది, మూడు వారాలు కట్టు. మొన్న బండి అమ్మకానికి పెట్టాడు. ప్రకటన పంపి, తెలుగు తప్పులుంటే దిద్దమన్నాడు. ‘సింగిల్ ఓనర్, 2,300 కిలోమీటర్లు, పెట్టెలు ఉచితం, ఎప్పుడూ ఆఫ్‌రోడ్ చేయలేదు.’ కింద వాచ్‌మన్ పట్టుకుని నిలబడగా తీసిన ఫొటో. పెద్దది చేసి చూశాను. ఇంజను కింది ప్లేటుకి, ఒక చివర మడతపడి, జానెడు నల్లటి పైపు ముక్క వేలాడుతోంది.