రాస్‌కి మూడేళ్లూ ఇరవై తొమ్మిదే

మా బావమరిది లెక్కలో ‘ఫ్రెండ్స్’ అనే అమెరికన్ కామెడీ సీరియల్‌లో తప్పులు లేవు. ఉన్నాయన్నవాడి కళ్లలోనే ఉంది దోషం. తెలిసి తెలిసీ మొన్న ఆదివారం భోజనాల దగ్గర నోరు జారాను. అందులో ఒక హీరో రాస్ తన వయసు మూడో సీజన్‌లోనూ 29 అంటాడు, నాలుగులోనూ 29, ఐదులోనూ 29, ఇదేం లెక్కయ్యా అన్నాను. సగం కొరికిన గుత్తొంకాయని అలాగే కంచంలో పెట్టేశాడు.

“బావా, వాడికి విడాకులయ్యాయి. ముప్ఫై అంటే భయం. అందుకని తగ్గించి చెప్తాడు. అది క్యారెక్టర్ డెప్త్.”

సరే, మరి పుట్టినరోజు? ఒకసారి డిసెంబరు అంటాడు, తొమ్మిదో సీజన్‌కొచ్చేసరికి అక్టోబరు 18 అంటాడు. “డిసెంబరు అనగానే కాఫీ షాపు గంథర్ అడ్డుపడ్డాడు కదా, పూర్తిగా చెప్పనిస్తే ఏమనేవాడో!” పోనీ, మొదటి ఎపిసోడ్‌లో రాస్ ప్రేమించే రేచెల్‌ని వాడి ఫ్రెండు చాండ్లర్‌కి కొత్తగా పరిచయం చేస్తారు, తర్వాత ఫ్లాష్‌బ్యాకుల్లో చూస్తే వాళ్లు కాలేజీ రోజుల్లోనే కలిశారు, దానికేమంటావ్? “అప్పటికి రేచెల్ ముక్కు ఆపరేషన్ కాలేదు బావా, ఎలా గుర్తుపడతాడు?” చెయ్యి ఎండిపోయింది, పెరుగన్నం చల్లారిపోయింది, మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిపోయింది. వీడు మాత్రం ఆ ముక్కు వదల్లేదు.

ఇలాంటివాళ్ల సంగతి మార్వెల్ కామిక్స్ ఎడిటర్ స్టాన్ లీకి 1960ల్లోనే తెలుసు. కథలో తప్పు పట్టుకుని అది తప్పే కాదని నిరూపించిన పాఠకుడికి ‘నో-ప్రైజ్’ వచ్చేది. కవరు విప్పితే లోపల ఏమీ ఉండదు. అంతకంటే న్యాయమైన బహుమతి నేనైతే వినలేదు. 2019 మేలో కత్తులూ డ్రాగన్లూ ఉండే పాతకాలపు రాజుల సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో, విందు సీన్లో రాణి డెనేరిస్ ముందు కాఫీ కప్పు కనబడితే, తీసినవాళ్లే పొరపాటైందని ఒప్పుకుని రెండ్రోజుల్లో చెరిపేశారు. మావాడు ఇంకా ఒప్పుకోలేదు.

ఎందుకంటే పది సీజన్లూ అయిదుసార్లు చూశాడు. ఇప్పుడు తప్పుందంటే ఆ రాత్రుళ్లన్నీ ఏమైపోవాలి? సంబంధం కుదిర్చిన మధ్యవర్తి, పెళ్లికొడుకు తాగుతాడని తెలిశాక కూడా “ఏదో ఫ్రెండ్స్ బలవంతం మీద” అంటాడు చూడండి, అదీ వీడి పరిస్థితి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. సోమవారం పొద్దున్నే వీడు వెళ్లి ఒక ఆఫీసు కౌంటర్లో కూర్చుంటాడు. మా వీధిలో పూలమ్మే ఆవిడ పింఛను కాగితాలు వీడి దగ్గరికే వెళ్లాయి. ఆధార్‌లో 61, ఓటరు కార్డులో 58. మూడేళ్లు తేడా. “మిస్‌మ్యాచ్” అని వెనక్కి పంపాడు, మూడుసార్లు. పూలు అమ్మిన డబ్బులు ఆటోలకే పోయాయి. అరే, ఆ అంకెలు ఆవిడ వేసుకుందా? చదువు రాని మనిషిని నిలబెట్టి, మొహం చూసి, ఎవడో నోటికొచ్చిన వయసు కొట్టి పారేశాడు. ఆ తప్పుకి ఈవిడ ఎండలో నిలబడాలా? అమెరికా కోటీశ్వరులు రాసుకున్న స్క్రిప్టుకి వంద సాకులు వెతికే బుర్రకి, ఎదురుగా నిలబడ్డ ముసలావిడ కోసం ఒక్కటంటే ఒక్క సాకు తట్టలేదా?

ఉండబట్టలేక రాత్రి ఫోన్ చేశాను.

“రికార్డులో రెండు వయసులుంటే నేనేం చేసేది బావా, ఏదో ఒకటే కదా నిజమయ్యేది” అన్నాడు. వెనకాల టీవీలో జనం పగలబడి నవ్వుతున్నారు.