డిప్లొమా అందుకున్న మర్నాడు ఆ విద్యార్థి ఎవరి బాధ్యత?

అమెరికాలో ప్రత్యేక విద్య పొందుతున్న విద్యార్థి హైస్కూల్ డిప్లొమా అందుకున్నాడంటే, అంతవరకు అతనికి అండగా నిలిచిన చట్టం అక్కడితో తప్పుకుంటుంది. 1975లో వచ్చి, 1990లో 'ఐడియా' అనే పేరు తెచ్చుకున్న ఆ చట్టం ప్రకారం వైకల్యం ఉన్న పిల్లలను గుర్తించడం, పరీక్షించడం, వారికి తగిన చదువును ఉచితంగా అందించడం పాఠశాల జిల్లా (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) విధి. కాలేజీలో వర్తించేవి వేరే చట్టాలు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి అమెరికన్ వికలాంగుల చట్టం వివక్ష చూపవద్దని కాలేజీని శాసిస్తాయి. అడిగినవారికి పరీక్షలో అదనపు సమయం వంటి తగిన వెసులుబాటు ఇమ్మంటాయి. విద్యార్థిని వెతికి పట్టుకోమని మాత్రం చెప్పవు. నిన్నటిదాకా స్కూలే విద్యార్థి దగ్గరకు వచ్చేది. ఈరోజు నుంచి విద్యార్థే ఆఫీసు ఎక్కడుందో తెలుసుకుని, వెళ్లి, తన గురించి తాను చెప్పుకోవాలి.

రెండేళ్ల కోర్సులు నడిపే కమ్యూనిటీ కాలేజీలో చేరి మొదటి సెమిస్టరులోనే తడబడే పిల్లలను చూసి చాలామంది చదువు కష్టమైందనుకుంటారు. నా అభిప్రాయంలో పాఠాల కంటే ముందు వారిని దెబ్బతీసేది ఈ బాధ్యతల మార్పిడి. దాన్ని పద్దెనిమిదేళ్ల పిల్లల భుజాల మీద పెట్టి పెద్దలందరూ పక్కకు తప్పుకుంటున్నారు.

అమెరికా విద్యాశాఖ నిధులతో జరిగిన ఒక దీర్ఘకాలిక జాతీయ అధ్యయనం 2011లో వెల్లడించిన అంకెలు ఇప్పటికీ ఆలోచింపజేస్తాయి. హైస్కూల్లో ప్రత్యేక విద్య పొందినవారిలో 60 శాతం స్కూలు విడిచిన ఎనిమిదేళ్లలోపు ఏదో ఒక కాలేజీలోనో వృత్తివిద్యా సంస్థలోనో చేరారు. రెండేళ్ల కాలేజీల్లో చేరినవారు 44 శాతం కాగా నాలుగేళ్ల విశ్వవిద్యాలయాలకు వెళ్లినవారు 19 శాతమే (కొందరు ఒకటికి మించిన చోట్ల చేరారు). అంటే ఈ పిల్లలకు ఉన్నత విద్య అంటే ప్రధానంగా కమ్యూనిటీ కాలేజీయే. చేరినవారిలో తమ వైకల్యం సంగతి కాలేజీకి తెలియజేసింది 28 శాతమే. హైస్కూల్లో 87 శాతానికి ఏదో ఒక వెసులుబాటు అందితే, కాలేజీలో అది 19 శాతానికి పడిపోయింది. వేసవి సెలవుల్లో ఎవరి వైకల్యమూ మాయం కాదు. మాయమైంది పట్టించుకునే మనిషి.

కాలిఫోర్నియా సంగతి తీసుకుందాం. అక్కడి 116 కమ్యూనిటీ కాలేజీల వ్యవస్థలో దివ్యాంగ విద్యార్థుల కోసం డీఎస్‌పీఎస్ అనే విభాగం ఉంది. రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు, అంటే కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్కలో ఒక్కోదానికి, 46 డాలర్లే. తలుపు ఇంత విశాలంగా తెరిచి ఉన్న వ్యవస్థలు ప్రపంచంలో తక్కువ. అయినా లోపలికి వెళ్లిన విద్యార్థి చేయాల్సిన పనులు చూడండి. కాలేజీలో ప్రవేశానికి ఒక దరఖాస్తు, డీఎస్‌పీఎస్‌కు విడిగా మరొకటి. వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రాలు ఇచ్చి, కౌన్సెలర్‌తో మాట్లాడి, ఏయే వెసులుబాట్లు కావాలో ఖరారు చేసుకోవాలి. ఆ వివరాల లేఖ ప్రతి సెమిస్టరులో ప్రతి అధ్యాపకుడికీ చేరేలా చూసుకోవాలి. పరీక్షకు అదనపు సమయం మంజూరైనంత మాత్రాన సరిపోదు, పరీక్షా కేంద్రంలో ముందుగానే సీటు కేటాయింపజేసుకోవాలి. పాఠ్యపుస్తకం ఆడియోగా కావాలంటే ఆ మార్పిడికి సమయం పడుతుంది కనుక తరగతులు మొదలవకముందే అడగాలి. మూడో వారంలో గుర్తొచ్చి అడిగితే పుస్తకం చేతికొచ్చేసరికి మొదటి మిడ్‌టర్మ్ దాటిపోయే ప్రమాదం ఉంది.

హైస్కూల్లో ఇదంతా కేస్ మేనేజర్‌గా ఉండే ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలు చూసుకునేది. పరీక్ష రోజు ఆమే వచ్చి పిల్లవాణ్ని ప్రశాంతమైన గదిలోకి తీసుకెళ్లేది. ఆ గది కోసం ఎవరు ఎవరికి మెయిల్ రాశారో అతనికి తెలియదు. తెలియజెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమె చేసింది మంచి పనే. ఆఖరి రెండేళ్లలో ఆ మెయిల్ అతని చేతే రాయించి ఉంటే ఇంకా మంచి పని అయ్యేది.

అందుకు ఐడియా చట్టంలోనే చోటుంది. పదహారేళ్లు వచ్చేసరికి విద్యార్థి ఐఈపీలో, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, స్కూలు తరువాతి జీవితానికి సంబంధించిన లక్ష్యాలు, సేవలు ఉండి తీరాలి. టెక్సస్, న్యూజెర్సీ రాష్ట్రాలు పద్నాలుగేళ్లకే మొదలుపెట్టమంటున్నాయి. ఆ ప్రణాళికను చర్చించే సమావేశానికి విద్యార్థిని ఆహ్వానించాలి. కానీ కాగితం మీద కనిపించేది తరచూ ఒకే ఒక వాక్యం: 'డిప్లొమా పొందిన తరువాత ఇతను కమ్యూనిటీ కాలేజీలో చేరతాడు.' ఏ కాలేజీ, ఏ కోర్సు, డీఎస్‌పీఎస్‌లో నమోదు ఎప్పుడు, ఆ పని నేర్పేది ఎవరు? ఒక్కదానికీ జవాబు ఉండదు. బల్ల చుట్టూ పెద్దవాళ్లు కూర్చుని అతని పఠన స్థాయి గురించీ ఏకాగ్రత గురించీ మాట్లాడుకుంటారు. అతను పక్కనే కూర్చుని తన బూట్ల వైపు చూసుకుంటూ ఉంటాడు. చివర్లో 'నువ్వేమైనా చెబుతావా?' అని అడుగుతారు. అతను లేదంటాడు. సంతకాలు అయిపోతాయి.

ఈ సమావేశాల్లో కూర్చునే తెలుగు తల్లిదండ్రులతో రెండు మాటలు చెప్పాలి. ఫ్రీమాంట్‌లో, ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది కమ్యూనిటీ కాలేజీ అంటేనే చిన్నచూపు చూస్తారు. పక్కింటి అబ్బాయి బర్క్లీకి వెళ్తుంటే మనవాడు ఇక్కడా అని బాధపడతారు. ఆ బాధలో పడి, చేయాల్సిన సన్నాహం వాయిదా వేస్తారు. చిన్న తరగతులు, తక్కువ ఖర్చు, ఇంటి నుంచి వెళ్లివచ్చే వీలు, ఆ తరువాత విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యే మార్గం ఉన్న చోటు మీ బిడ్డకు తక్కువ ఎలా అవుతుంది?

రెండోది అలవాటుకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సదరం వంటి వైకల్య సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాశారన్నదే ప్రధానం. 40 శాతం ఉంటే ఒక దారి, లేకపోతే మరో దారి. అమెరికా కాలేజీ శాతం అడగదు. ఈ వైకల్యం వల్ల తరగతిలో, పరీక్షలో, చదవడంలో మీకు ఏది కష్టమవుతోంది, దానికి ఏది ఉపయోగపడుతుంది అని అడుగుతుంది. దీనికి తల్లి జవాబు చెబితే చెల్లదు. విద్యార్థి కాలేజీలో చేరగానే, వయసు ఎంతైనా సరే, విద్యా రికార్డుల మీద హక్కు అతనికి దఖలుపడుతుంది. అతని అంగీకారం లేకుండా కాలేజీవారు మీతో మాట్లాడటానికి ఇష్టపడరు. పన్నెండేళ్లు స్కూలుతో పోరాడి ప్రతి సేవనూ సాధించిన అమ్మ ఆ కౌంటర్ దగ్గర హఠాత్తుగా బయటి మనిషి అయిపోతుంది. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది. అందుకే పదో తరగతి నుంచే ఐఈపీ సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు పిల్లల చేత మాట్లాడించండి. మాట రానివాళ్లు టాబ్లెట్‌తోనో రాసిన కాగితంతోనో చెప్పవచ్చు.

అయితే భారమంతా కుటుంబం మీదికి నెట్టడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలో 2017 నాటి ఏబీ 705 చట్టం తరువాత పునాది తరగతులు బాగా తగ్గిపోయి, విద్యార్థులు నేరుగా బదిలీ స్థాయి, అంటే విశ్వవిద్యాలయానికి మారినప్పుడు లెక్కలోకి వచ్చే, ఇంగ్లిష్, గణితంలో చేరుతున్నారు. ఏళ్లతరబడి పునాది కోర్సుల్లో చిక్కుకుపోయేవారికి అది మేలు చేసింది. దాన్ని వెనక్కి తీసుకోమని నేను అడగను. కానీ గణితంలో అభ్యసన వైకల్యం ఉన్న విద్యార్థికి మొదటి సెమిస్టరే గణాంకశాస్త్రం ఎదురైనప్పుడు, వెసులుబాట్లు మొదటి రోజునుంచే సిద్ధంగా ఉండాలి. ఐదో వారంలో ఇచ్చే వెసులుబాటుతో ప్రయోజనం తక్కువ.

డబ్బు లేదనే మాటకు ఇక్కడ చోటు లేదు. 2014 నాటి కార్మిక నైపుణ్య చట్టం ప్రకారం రాష్ట్రాలు తమ వృత్తి పునరావాస నిధుల్లో (దివ్యాంగులు ఉద్యోగాల్లో కుదురుకునేందుకు ఇచ్చేవి) కనీసం 15 శాతాన్ని స్కూలు వయసు దివ్యాంగులకోసం కేటాయించాలి. ఉన్నత విద్యపై సలహా, తన అవసరాలను తాను చెప్పుకోవడంలో శిక్షణ ఆ సేవల జాబితాలోనే ఉన్నాయి. పునరావాస విభాగం ఉద్యోగి, డీఎస్‌పీఎస్ కౌన్సెలర్, కేస్ మేనేజర్ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం లేదన్నదే అసలు లోపం. పన్నెండో తరగతి ఐఈపీకి కాలేజీ కౌన్సెలర్ హాజరు కావడం, విద్యార్థి స్కూల్లో ఉండగానే డీఎస్‌పీఎస్ నమోదు పూర్తి కావడం ఎవరి దయమీదా ఆధారపడకూడదు. వాటిని రాష్ట్రం నియమంగా పెట్టాలి. హైస్కూల్లో ఉంటూనే కాలేజీలో ఒక కోర్సు చదివే అవకాశం ఇప్పటికే ఉంది. దాన్ని చురుకైన పిల్లలకు దక్కే బహుమతిగా చూడటం మాని, ఈ పిల్లలకే ముందుగా ఇవ్వాలి. ఐఈపీ రక్షణ ఉండగానే అతను కాలేజీ పోర్టల్ ఎలా ఉంటుందో, అధ్యాపకుడికి ఉత్తరం ఎలా రాయాలో నేర్చుకుంటాడు.

డిప్లొమా విషయంలో మాత్రం తొందరపడవద్దు. సాధారణ డిప్లొమా తీసుకుంటే స్కూలు బాధ్యత అక్కడితో ముగుస్తుంది. తీసుకోకపోతే కాలిఫోర్నియాలో 22 ఏళ్ల వరకు సేవలు కొనసాగవచ్చు. మేధో వైకల్యం ఉన్నవారికి కాలేజీల్లో ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయి. 2008 నాటి ఉన్నత విద్యా చట్ట సవరణ వల్ల, ఆమోదం పొందిన అలాంటి కార్యక్రమాల్లో చేరినవారికి డిప్లొమా లేకపోయినా పెల్ గ్రాంట్ అనే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయం అందవచ్చు. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ కేంద్ర సహాయం దక్కదు, 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు. అలాంటి కుటుంబాలు స్కూలువాళ్లతో పాటు వలస చట్టాల న్యాయవాదినీ ముందుగానే సంప్రదించాలి. స్కూలు విడిచేటప్పుడు ఇచ్చే సామర్థ్య నివేదికను కూడా చదవకుండా తీసుకోవద్దు. ఈ విద్యార్థికి కాలేజీలో ఏ వెసులుబాటు ఎందుకు అవసరమో అందులో స్పష్టంగా లేకపోతే తిరిగి రాయమని అడగండి. మార్చిలో అడిగితే రాయించుకోవడానికి సమయం ఉంటుంది. జూన్ దాటితే ఆ ఉపాధ్యాయురాలు సెలవుల్లో ఉంటుంది.