స్లీప్ స్టడీకి ముందు బిర్యానీ

స్లీప్ స్టడీ అంటే గురక పెట్టే మనిషిని ఆస్పత్రిలో రాత్రంతా పడుకోబెట్టి, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష. దానికి రాత్రి ఎనిమిదిన్నరకి రమ్మంటారు. చిక్కంతా ఆ ఎనిమిదిన్నర దగ్గరే. ఇంట్లో తిని బయల్దేరదామంటే తొందరవుతుంది, ఆస్పత్రి క్యాంటీన్‌లో తినడానికి మనసొప్పదు. హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రికి వెళ్లే దారిలోనైనా బిర్యానీ హోటల్ తగలకుండా పోదు. పరీక్ష ఆయనకి, తోడు వెళ్లే ఆవిడ ఎలాగూ మంచి చీర కట్టుకునుంది. "రాత్రంతా అక్కడే పడుండాలి కదండీ, ఏదో కాస్త తినేసి పోదాం" అంటుంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరే హోటల్లో కూర్చుని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకునేసరికి ఆ 'కాస్త' కాస్తా రెండు మటన్ బిర్యానీలు, ఒక డబుల్ కా మీఠా అవుతుంది.

ఆస్పత్రివాళ్లు ముందే ఓ కాగితం ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ, టీ వద్దు. పగలు నిద్రపోవద్దు. రోజూ వేసుకునే మాత్రలు డాక్టరు చెబితే తప్ప మానొద్దు, వెంట తెచ్చుకోండి. చొక్కాకి ముందు గుండీలుండాలి. గడ్డం గీసుకోండి. తలస్నానం చేసి రండి, నూనె రాయొద్దు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటుకుంటుంది. అంటించాక దాన్ని చదవాల్సిన పని తీరిపోయిందని మనవాళ్ల నమ్మకం. పైగా మన భాషలో తలంటు అంటేనే నూనె అంటడం. తలంటిపోసి, ఆరాక, "నలుగురు డాక్టర్లు చూసే తల, రేగిపోయి ఉంటే ఏం బావుంటుంది" అని ఇంకో రెండు చుక్కలు కొబ్బరినూనె అద్దుతుంది ఇల్లాలు.

కాగితంతో పాటు ఒక ఫారమ్ కూడా ఉంటుంది, ఎప్‌వర్త్ స్కేల్ అని. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 24. పది దాటితే పగటి మత్తు ఎక్కువున్నట్టు. మార్కులు ఎక్కువొస్తే బాధపడాల్సిన పరీక్ష ఇది. ఇంట్లో ఎవరూ నింపరు కనక బిర్యానీ వచ్చేలోగా హోటల్ బల్ల మీద పరుస్తారు. టీవీ చూస్తున్నప్పుడు కునుకు వస్తుందా? "సున్నా వెయ్యి." సినిమాహాల్లో? "సున్నా." ఆఖరిది, ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగినప్పుడు? "సున్నా అంటుంటే!" పోలీసు ముందు నేరం ఒప్పుకోనివాడిలా అన్నిటికీ అదే జవాబు. ఆవిడ ఒక్కొక్కటే కొట్టేసి రెండు వేస్తూ ఆరో ప్రశ్నకి వస్తుంది. ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు? జవాబు రాదు. తలెత్తి చూస్తే ఆయన గడ్డం గుండెకి ఆనుకుని ఉంటుంది, చేతిలో ఉల్లిపాయ ముక్క. మూడు వేస్తుంది. పక్క బల్లవాళ్లు గురకకి తిరిగి చూసేలోగా చెంచాతో మోచేతి మీద ఒక్కటి వేస్తుంది. ఆయన ఉలిక్కిపడి లేవడంలో సాలన్ గిన్నె ఒరిగి ఫారమ్ మీద అరచేయంత నూనెమరక పడుతుంది.

తినడానికి మంచి వేళ ఏదంటే, పడుకోబోయే ముందు కనీసం మూడు గంటలు. పావుతక్కువ ఎనిమిదికి ప్లేటు వచ్చిందంటే ఆ లెక్క అప్పుడే తప్పింది. మిర్చీ కా సాలన్‌లో మిరపకాయ, పల్లీ, నువ్వు, చింతపండు అన్నీ కలిసి, వెల్లకిలా పడుకున్న మనిషికి గొంతుదాకా ఎక్కొస్తాయి. అయినా అసలు దొంగ బిర్యానీ కాదు, చివర్లో వచ్చే ఇరానీ చాయ్. గంటల తరబడి దమ్ మీద మరిగిన డికాషన్ అది. "అరగాలి కదా" అని ఆయన రెండు కప్పులు లాగిస్తాడు. కడుపులో పడ్డ కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగినదాంట్లో సగం ఒంటిగంటకి కూడా ఒంట్లో కాపలా కాస్తుంటుంది.

ల్యాబ్‌లో తీగలు తగిలించడానికే ముప్పావు గంట, గంట పడుతుంది. తలమీద ఆరు చోట్ల, చెవుల వెనక రెండు, కళ్ల పక్కన రెండు, గడ్డం దగ్గర మూడు, గుండెకి, రెండు పిక్కలకి. ముక్కులో ట్యూబు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఛాతీకో బెల్టు, పొట్టకో బెల్టు. తలమీద ఒక్కో చోటా టేపుతో కొలిచి పెన్సిల్‌తో గుర్తుపెట్టి, గరుకు జెల్‌తో రుద్ది, పేస్టుతో అంటిస్తారు. చర్మం దగ్గర కరెంటుకి తగిలే అడ్డు ఐదు కిలో ఓమ్స్ లోపుండాలి. కొబ్బరినూనె మీద అది ఇరవై దగ్గర కూర్చుని దిగనంటుంది. టెక్నీషియన్ స్పిరిట్ దూదితో నాలుగోసారి తుడుస్తూ, "మేడమ్, నూనె రాశారా?" అంటాడు. "లేదండీ, కొంచెం అద్దానంతే."

పొట్ట బెల్టు ఇంకో కథ. నిండు కడుపు మీద సరిపోయిందని బిగించింది తెల్లవారుజామున వదులై జారితే, గ్రాఫులో పొట్ట గీత చదునవుతుంది. మనిషి మానేసింది ఊపిరి తీయడమా, బెల్టు మొయ్యడమా అన్నది మిగతా గీతలు చూసి తేల్చుకోవాలి.

అన్నీ తగిలించాక పక్కగదిలోంచి స్పీకర్లో పరీక్ష. "సార్, తల కదపకుండా పైకి చూడండి. కిందికి. ఐదుసార్లు కళ్లు ఆర్పండి. పళ్లు బిగించండి. కాలి వేళ్లు పైకి లేపండి. ఒకసారి గురక పెట్టండి."

"నాకు రాదండీ."

అటెండెంట్ మంచం మీద ఆవిడకి పొరబోతుంది.

పదిన్నరకి దీపాలార్పుతారు. హోటల్లో ఉల్లిపాయ చేతిలో పట్టుకుని నిద్రపోయిన మనిషి ఏసీ గదిలో పరుపు మీద కళ్లు మిటకరిస్తాడు. కొత్త చోట మొదటి రాత్రి ఎవరికైనా నిద్ర పలచగానే ఉంటుంది, దానికి చాయ్ తోడు. పదకొండూ నలభైకి చీకట్లోంచి, "ఇదిగో, పాలు ఫ్రిజ్‌లో పెట్టావా?" ఆవిడ జవాబిచ్చేలోగా స్పీకర్ గరగరమంటుంది. "సార్, మాట్లాడకండి." "పెట్టానండీ" అని ఆవిడ స్పీకర్‌కి చెబుతుంది.

ఈలోపు సాలన్ పని మొదలుపెడుతుంది. నెత్తిమీద చెమట పడితే గ్రాఫులో తలమీది తీగల గీతలన్నీ తాపీగా ఊయలలూగుతాయి. కొత్తవాళ్లు చూస్తే గాఢనిద్ర అలలనుకుంటారు. అనుభవమున్న టెక్నీషియన్ ఏసీ ఇంకా చల్లగా పెడతాడు. మిరపకాయ తిన్నది ఆయన, వణికేది ఆవిడ. పట్టుచీర కొంగు సరిపోక కాళ్లకి ఆస్పత్రి తువ్వాలు కప్పుకుంటుంది.

బిర్యానీ ఉప్పుకి దాహం, దాహానికి లీటరు నీళ్లు, నీళ్లకి ఒంటిగంటకి బాత్రూం. తీగలు విడివిడిగా పీకక్కర్లేదు. అన్నీ ఒక చిన్న పెట్టెలోకి చేరతాయి కనక గోడ దగ్గర కనెక్షన్ ఒక్కటి తీసి పెట్టెని మెడలో వేస్తారు. పేషెంటు చేయాల్సిందల్లా తీగలు లాగేసుకోకుండా గంట కొట్టి పిలవడమే. ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని మర్యాదగా లేవబోతాడు. కుడి పిక్క తీగ ఊడుతుంది, ముక్కు ట్యూబు చెవికి చేరుతుంది. సర్దేసరికి ఇరవై నిమిషాలు.

ఒకటిన్నరకి నిద్రపడుతుంది. ఇక అప్పుడు మొదలవుతుంది అసలు కచేరీ. గాలి పది సెకన్లో ఆపైనో ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. ఆగిపోయినవీ, సన్నబడినవీ కలిపి గంటకి ముప్ఫై దాటితే తీవ్రం. ఈయనకి యాభై చిల్లర. ఇంత ఎక్కువున్నవాళ్లకి రెండు గంటలు చూసి అదే రాత్రి, గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మాస్క్ పెట్టి ప్రెషర్ కూడా తేల్చేయొచ్చు. ఆ తేల్చడానికి ఇంకో మూడు గంటలైనా కావాలి. ఒకటిన్నరకి రెండు కలిపితే మూడున్నర. ఆరింటికి లేపేస్తారు. మిగిలింది రెండున్నర.

"మాస్క్ కోసం ఇంకో రాత్రి రావాలి సార్" అంటాడు టెక్నీషియన్, జుట్టులోంచి ఎండిన పేస్టు తడిగుడ్డతో తీస్తూ. ఆవిడ ఇంకో రాత్రి ఫీజు అడిగి తెలుసుకుని, దాన్ని రెండు కప్పుల చాయ్‌తో భాగిస్తుంది. సాలన్ మరకకి అక్షరాలు కనపడటం లేదని అతను కొత్త ఎప్‌వర్త్ ఫారమ్ చేతిలో పెడతాడు.

ఆటో ఎక్కుతూ, "అయితే వచ్చే శనివారం భోజనం..." అని నసుగుతాడాయన.

"ఇంట్లో. ఏడింటిలోపే. పెరుగన్నం."

మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడుతుంది, 90 సెకన్లు. 82 దగ్గరికి వచ్చేసరికి పేస్టు తెల్లగా అతుక్కున్న తల ఆవిడ భుజం మీద వాలుతుంది. ఆవిడ కదలకుండా రెండో చేత్తో బ్యాగులోంచి పెన్ను తీసి, ఎనిమిదో ప్రశ్న ఎదురుగా మూడు వేస్తుంది.