వేలు చెప్పిన అబద్ధం

నాకు రెండో రకం మధుమేహం వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో నేను అలవరచుకున్న సద్గుణం ఒక్కటే: పరగడుపున ఒకసారి, భోజనమైన తరువాత ఒకసారి వేలు పొడుచుకుని, వచ్చిన అంకెను నోటుపుస్తకంలో ఎక్కించడం. అంకె బాగుంటే ఇంటిల్లిపాదికీ వినిపించేటట్టు పైకి చదువుతాను. బాగుండకపోతే ఆ పూట నాకు కళ్లజోడు కనిపించదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నారింజపండు ఒలిచిపెట్టమంది. తొక్క తీసి, తొనల మీది తెల్లని పీచును ఒక్కొక్క పోగే లాగి, గింజలు ఏరి, తొన తరువాత తొన ఆ పిల్ల నోటికి అందించేసరికి పావుగంట పట్టింది. అందులో ఒక్క తొనైనా నా నోట్లోకి పోలేదని ఇప్పటికీ ప్రమాణం చేయగలను. ఇంతలో పరీక్ష వేళ అయింది. రెండు గంటలంటే మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, భోజనం ముగించినప్పటి నుంచి కాదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి కనుక గడియారం చూసుకుని మరీ గ్లూకోమీటరు తెరిచాను. స్ట్రిప్పు దూర్చి, వేలి కొసనైతే నొప్పి ఎక్కువని పక్కగా పొడిచి, రక్తపు బొట్టు అందించాను. తెర మీద 386 అని వచ్చింది.

“ఏమండీ, ఏం తిన్నారు?” అంది మా ఆవిడ.

“నీ ఎదురుగా తిన్నదే. ఇంకేమీ తినలేదు.”

షుగరు ఉన్నవాడు ఏమీ తినలేదంటే ఆ మాటకు ఇంట్లో ఉండే విలువ, ముద్దాయి నిర్దోషినంటే న్యాయస్థానంలో ఉండేపాటిదే. విచారణ వెంటనే మొదలైంది. దాహంగా ఉందా, చూపు మసకేసిందా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వస్తోందా అని ఆవిడ వరసగా అడిగింది. అడిగేదాకా నాకు ఏ బాధా లేదు. అడగ్గానే గొంతు ఎండుకుపోయింది. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రపిండాలు ఆ మిగులును మూత్రంలోకి వదిలేస్తాయనీ, అది పోతూ పోతూ నీటిని కూడా వెంట లాక్కుపోతుందనీ, దాహానికి కారణం అదేననీ నేను ఎప్పుడో చదివి ఉన్నాను. చదివి ఉండడం వల్ల దాహం మరికాస్త పెరిగింది.

వేలు శుభ్రంగా లేదేమోనన్న అనుమానం నాకూ రాకపోలేదు. స్పిరిట్ దూదితో వేలిని ఒక్కసారి అద్ది, మళ్లీ పొడిచాను. ఈసారి 274. నేను తేలికగా ఊపిరి పీల్చుకునేలోగా ఆవిడ తీర్పు చెప్పేసింది: “చూశారా, దిగుతోంది. అంటే ఏదో తిన్నారు, అదిప్పుడు అరుగుతోంది.” ఇంతటి తర్కానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

రాత్రి వేసుకోవలసిన మాత్ర ఇప్పుడే మింగేస్తే పోలా అని చేయి డబ్బా దాకా వెళ్లింది. ఆ చేతిని ఆపింది మాత్రం ఆవిడే. నా మాత్రల్లో ఒకటి క్లోమాన్ని తొందరపెట్టి ఇన్సులిన్ విడుదల చేయించే రకం. నిజంగా షుగరు పెరగకుండా అలాంటిది అదనంగా మింగితే అంకె 70 కిందికి జారి, చెమటలు, వణుకు పట్టుకుంటాయని డాక్టరుగారు నాకు చెప్పినప్పుడు విన్నది ఆవిడే. రెండో రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట సరిగా వినవంటారు. నా ఒంటికి ఆ బుద్ధి నా నుంచే వచ్చి ఉంటుంది.

మాత్ర దారి మూసుకుపోయాక నా మనోబలం సడలింది. 386 వచ్చిందంటే నాకు తెలియకుండా నేనేదైనా తిన్నానా అన్న సందేహం పట్టుకుంది. నిజం ఒప్పుకుంటే కాస్త తేలికపడతానన్న ఆశతో, ఎవరూ అడగని నేరం ఒకటి ఒప్పుకున్నాను: బల్ల సొరుగులో, పాత కళ్లజోడు పెట్టెలో, కాగితంలో చుట్టి మిఠాయి దాచుకుంటున్నాననీ, రోజుకొకటి చొప్పున రెండు నెలలుగా నడుస్తోందనీ, రెండు మూడు నెలల షుగరు సగటును బయటపెట్టే హెచ్‌బిఎ1సి పరీక్షలో పోయిన నెల 7.8 వచ్చినప్పుడు నేను తిట్టిన ల్యాబువాళ్ల తప్పేమీ లేదనీ చెప్పేశాను. ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును లెక్కగట్టే పరీక్ష ముందు వేళ్ల కబుర్లు ఎన్నాళ్లు సాగుతాయి?

సరిగ్గా అప్పుడు మా అమ్మాయి వచ్చి, నా చేయి పట్టుకుని, వాసన చూసి, “నాన్నా, చేతులు కడుక్కున్నావా?” అంది.

సబ్బుతో, నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మూడోసారి పొడిచాను. 131.

పెద్ద మనిషి ఒంట్లోని రక్తమంతటిలో మామూలుగా ఉండే గ్లూకోజు ఒక చెంచాడు చక్కెరపాటిదేనట. అలాంటప్పుడు ఆవగింజంత బొట్టులో ఉండేది ఎంత, దానికి నారింజ రసం తోడైతే అయ్యేది ఎంత! పండు తీపి వేలికి పట్టుకుందంటే స్పిరిట్ దూది అద్దితే చాలదు, కడగవలసిందే. నారింజ విషయంలో నేను కడిగిన ముత్యాన్నని తేలిపోయింది. తేలిన సంగతి గుర్తుచేద్దామని చూస్తే ఆవిడ గదిలో లేదు. సొరుగు లాగిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ రోజు నోటుపుస్తకం ఆవిడే రాసింది. తేదీకి ఎదురుగా 386, 274 కొట్టేసి 131 అని వేసింది. దాని కింద, అంతే గుండ్రని అక్షరాలతో, “కళ్లజోడు పెట్టె: 2, స్వాధీనం” అని ఉంది.